మూడో పిస్టన్

నాన్న కారు ఇంజన్ విప్పే రోజు పొద్దున్నే అన్నాచెల్లెళ్ళిద్దరూ లేత్ మేస్త్రి షెడ్డుకు చేరారు. అన్నయ్య లెక్కల మాస్టారు. చెల్లెలు డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది; ఊళ్ళో సగం మందికి క్లచ్ తొక్కడం నేర్పింది ఆమే. పదకొండేళ్ళుగా గుడ్డ కప్పుకుని పడున్న కారును మళ్ళీ రోడ్డెక్కించాలని ఇద్దరూ అనుకున్నారు. పిస్టన్ల దగ్గరే మాట కుదరలేదు.

"ఫోర్జ్‌డ్‌వి వెయ్యండి మేస్త్రీ," అంది ఆమె.

"మనమేమైనా పందేలకి వెళ్తున్నామా? మామూలు క్యాస్ట్‌వి చాలు," అన్నాడు అన్నయ్య. "నాన్న స్టార్ట్ చేస్తే ఎలా వినపడేదో అలాగే వినపడాలి నాకు."

మేస్త్రికి డెబ్భై దాటాయి. నూనె డబ్బా బోర్లించుకుని తీరుబడిగా కూర్చున్నాడు.

"క్యాస్ట్ అంటే కరిగించి అచ్చులో పోసింది. ఫోర్జ్‌డ్ అంటే కాల్చిన లోహపు దిమ్మని ప్రెస్సు కింద ఒత్తి చేసింది. అది మొండిది, ఎంత బాదినా పడుంటుంది. కానీ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి సిలిండర్లో ఖాళీ ఎక్కువ వదలాలి. ఇంజన్ వేడెక్కేదాకా టకటకమంటూనే ఉంటుంది. క్యాస్ట్‌ది బిగువుగా కూర్చుంటుంది, కిక్కురుమనదు. మోటుగా నడిపితే మాత్రం ఓర్చుకోదు."

"ఓర్చుకునేదే కావాలి," అంది ఆమె. ఎందుకో చెప్పలేదు.

ఆ చప్పుడు ఆమెకూ గుర్తే. నాన్నది ఫోటో స్టూడియో. ఆదివారాలు తెల్లవారుతూనే దీపాలూ స్టాండ్లూ వెనక సీట్లోకి సర్ది, వాటి మధ్య పిల్లలిద్దర్నీ ఇరికించేవాడు. సీటు తోలు వాసన, నాన్న చొక్కాకంటిన స్టూడియో మందుల వాసన కలిసిపోయేవి. తాళం తిప్పగానే ఇంజన్ గొంతు సవరించుకున్నట్టు చిన్నగా అని, ఆ తర్వాత ఉందో లేదో తెలియనంత మెత్తగా నడిచేది. నాన్న కూడా అంతే, ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

పదిహేడో ఏట ఆమె చెప్పకుండా ఆ కారు తీసింది. స్నేహితురాలిని ఎక్కించుకుని కొండదారి పట్టింది. సగం దూరంలో ముందు నుంచి ఆవిరి లేచింది. ఇంజన్ కీచుమని ఆగిపోయింది. రెండు గంటలు గట్టు మీద కూర్చుని, ఎవరింట్లోనో నీళ్ళు అడిగి పోసి, బతిమాలుకుంటూ ఇంటికి తెచ్చింది. కడిగి, తుడిచి, ఉన్నచోటే పెట్టింది. మర్నాడు నాన్న స్టార్ట్ చేసి, ఒక్క నిమిషం విని, ఆపేశాడు. సర్వీసింగ్ అన్నాడు. ఆ వారమంతా కెమెరా మెడలో వేసుకుని సైకిలు తొక్కాడు. ఆ సైకిలు గంట విన్నప్పుడల్లా ఆమె లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. ఆయన పోయేదాకా నోరు విప్పలేకపోయింది.

మేస్త్రి పిస్టన్లు నాలుగూ బయటికి తీసి, కిరోసిన్ గుడ్డతో మసి తుడిచి వరసగా పెట్టాడు. మూడోది మిగతావాటిలా లేదు. లోపలివైపు సన్నగా ఆకురాయి గీతలు.

"ఇదేంటి, వేరేగా ఉంది?" అన్నాడు అన్నయ్య.

"ముప్పై అయిదేళ్ళయింది. మీ నాన్నగారి పనే," అన్నాడు మేస్త్రి. "మూడో సిలిండర్లో పిస్టన్ పట్టేసింది. సిలిండర్ లోపల కొత్త స్లీవ్, అంటే తొడుగు, వేశాను కానీ అలాంటి పిస్టన్ ఎక్కడా దొరకలేదు. వేరే కారుది తెచ్చి సైజుకి లేత్ పట్టాను. బరువు ఎక్కువొచ్చింది. మీ నాన్నగారు స్టూడియోలో మందులు తూచే త్రాసు పట్టుకొచ్చి, ఇదిగో ఇక్కడే కూర్చుని, మిగతా వాటితో సరిపోయేదాకా అరగదీశారు. రెండు పూటలు పట్టింది."

ఆమె ఆ పిస్టన్ చేతిలోకి తీసుకుంది. "ఎందుకు పట్టేసిందో చెప్పారా?"

"నీళ్ళు లేకుండా నడిపారన్నారు, పిల్లలిద్దరిలో ఎవరో. అడగలేదా సార్ అన్నాను. 'అడిగితే తెలుస్తుంది, తెలిస్తే తిట్టాలి. ఎందుకొచ్చింది, బండి బాగవుతోంది కదా' అన్నారు."

"నేనే అన్నయ్యా," అంది ఆమె. కొండదారి సంగతంతా చెప్పేసింది. అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వా? ఇన్నాళ్ళూ నేనే అనుకుంటున్నాను," అన్నాడు. "అంతకు రెండు రోజుల ముందు నా స్నేహితుణ్ణి స్టేషన్లో దింపడానికి నేనూ చెప్పకుండా తీశాను. రాయి తగిలి రేడియేటర్ కారుతుంటే సబ్బుముక్క అద్ది ఊరుకున్నాను."

ఆమె అతని వంక తేరిపార చూసింది.

"సబ్బా?"

"వాసన సబ్బు. అమ్మది."

"నీ సబ్బుముక్క పుణ్యమా అని నేను ముప్పై అయిదేళ్ళు కుమిలిపోయానా?" అని విసురుగా అంది కానీ, అంతలోనే నవ్వొచ్చింది. అన్నయ్య కూడా నవ్వాడు. మేస్త్రి ఇద్దరినీ చూసి, టీ తెప్పిస్తానని లేచాడు.

టీ తాగుతూ ఆమె అడిగింది. "ఆ రోజు లోపల ఫోర్జ్‌డ్‌వి ఉంటే బతికేదా మేస్త్రీ?"

"నీళ్ళు లేకపోతే ఏదైనా పట్టేస్తుందమ్మా. కాకపోతే ఇంకాస్త దూరం లాగేదేమో."

"సరే, క్యాస్ట్‌వే వెయ్యండి."

"ఆ మూడోదాన్ని అలాగే ఉంచొచ్చా?" అని అన్నయ్య ఆశగా అడిగాడు.

"సిలిండర్ల బోరు అరగదీసి వెడల్పు పెంచుతున్నాం కదండీ, వదులైపోతుంది. నాలుగూ కొత్తవే వెయ్యాలి," అన్నాడు మేస్త్రి.

నెలన్నర పట్టింది. కొత్త పిస్టన్లు సర్దుకోవాలి కాబట్టి మొదటి వెయ్యి కిలోమీటర్లూ వేగం యాభై దాటకూడదని మేస్త్రి గట్టిగా చెప్పాడు. ఆమె స్టీరింగ్ పట్టుకుంది, అన్నయ్య పక్కన కూర్చున్నాడు. లారీలు, స్కూటర్లు, చివరికి ఓ ట్రాక్టరు కూడా హారన్ కొట్టి దాటిపోయాయి. తొందరపడలేదు వాళ్ళు. నాన్న గురించి ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియనివి ఎన్నో ఉన్నాయి. అవన్నీ చెప్పుకుంటూ, తిరగాల్సిన మలుపు ఎప్పుడు దాటిపోయిందో కూడా చూసుకోలేదు.