పంటు ముందు మైనస్

జోసెఫిన్ కంప్యూటర్ సెంటర్ తాళం తీసేసరికి మంగతాయారు తడి చీరల బకెట్టుతో మెట్ల మీద కూర్చునుంది.

"కాస్త మైనస్ పెట్టవే. ముసురు వదల్లేదు."

"రెండంకెల మధ్య తీసివేత కాదు పిన్నీ ఇది, ఒక్కదాని ముందు నిలబడే గుర్తు. చీరకి మైనస్ అంటే ఏమిటో మనం రాస్తేనే మిషనుకి తెలుస్తుంది. గుర్తు ఎవడిదైనా, అర్థం శ్రమించేవాళ్ళది!"

"ముందు చీరలారనీ, ఉపన్యాసం తర్వాత."

జోసెఫిన్ చీర అని ఒక క్లాసు, అంటే చీరంటే ఏమిటో మిషనుకి చెప్పే నమూనా, రాసింది. అందులో రంగు, పొడవు, తడి. ముందు మైనస్ వస్తే తడి మాత్రమే తిరగబడాలంది. మైనస్ కొట్టగానే బకెట్టులో చీరలు ఆరిపోయి పెళపెళలాడాయి.

ఎనభై తొమ్మిది నాటికి యానాంలో ఇదేం కొత్త కాదు. మొన్న సందులో ఇరుక్కున్న సాల్మన్ రిక్షాని వెనక్కి తిప్పిందీ ఆమే. తొందరలో క్లాసులో ఉన్నవన్నీ తిరగెయ్యమని రాసేసింది. రిక్షా తిరిగింది గానీ చక్రాలు పైకొచ్చాయి.

అంతలో తల్లి కృపమ్మ వచ్చింది, కళ్ళు వాచిపోయి.

"మీ నాన్న పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడే. ఇక అమలాపురంలో మీ అత్త దగ్గరే ఉంటాడంట. ఆయన పాత వల ఆయనకి చెప్పకుండా ఎవరికో ఇచ్చేశానని కోపం. ఆయన ముందు ఒక మైనస్ పెట్టు."

"మనిషికి క్లాసు రాయనమ్మా. మనిషి ముందు గుర్తు పెట్టే హక్కు ఏ రాజుకీ లేదు, నాకూ లేదు."

"నీ హక్కులు తగలబడ!"

అప్పుడే రేవులో పనిచేసే యాకోబు రొప్పుతూ వచ్చాడు.

"రేవు దాటించే పంటు ఇంజను ఆగిపోయింది! వరద ఎర్రనీళ్ళు దాన్ని సముద్రం వైపు ఈడ్చేస్తున్నాయి. లాంచీ పంపమంటే పైనుంచి ఆర్డరు రావాలంటున్నాడు ఆఫీసరు. మీ నాన్న, ఆనందరావన్న కూడా అందులోనే ఉన్నాడు!"

"గోదారి ఆర్డరు చూసుకుని పారుతోందా?" జోసెఫిన్ పళ్ళు కొరికింది.

"తిట్లు తర్వాత. మైనస్ కొట్టమ్మా!" అన్నాడు యాకోబు.

వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళి ఆగాయి. పైకొచ్చిన చక్రాలు గుర్తొచ్చాయి. పంటులో నాన్న ఉన్నాడు, నిండా జనం ఉన్నారు. అన్నీ తిరగబడితే?

కృపమ్మ భుజం పట్టి కుదిపేస్తోంది. అయినా ఒక్కొక్కటే రాసింది. దిశ తిరగాలి. అడుగు కిందే ఉండాలి. జనం ఎలా ఉన్నవాళ్ళు అలాగే. అప్పుడు పంటు ముందు మైనస్ పెట్టింది.

వాళ్ళు రేవుకి చేరేసరికి పంటు ఇంజను చప్పుడు లేకుండా ఏటికి ఎదురొస్తోంది. మేకలు అరుస్తున్నాయి. ఒకాయన బీడీ వెలిగించుకుంటున్నాడు. కృపమ్మ రేవు మెట్లు దిగి నీళ్ళ అంచుకి వెళ్ళింది.

ఆనందరావు పెట్టెతో దిగాడు. రోడ్డు మీద రావులపాలెం బస్సు హారన్ కొడుతోంది. చుట్టుదారిన అమలాపురం వెళ్ళిపోవచ్చు. ఆయన బస్సు వంక చూశాడు. తర్వాత కృపమ్మ వంక.

"వల ఒక మాట చెప్పి ఇవ్వాల్సింది," అన్నాడు.

"తప్పే. అడిగి తెచ్చేస్తాలే."

బస్సు వెళ్ళిపోయింది. ఆనందరావు పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

కృపమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నిజం చెప్పు. ఆయన్ని కూడా తిప్పావా?"

"లేదమ్మా. పంటునే."

కృపమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మరైతే నడవ్వే తొందరగా. ఇంట్లో అన్నం కూడా వండలేదు."