రోజుకొక్క బేరం

బోర్డును పైనుంచి కిందికి తుడవాలి. లేకపోతే సుద్దనీళ్ళు కారి చారలు కడతాయి. షేర్ల బజారు హాల్లో ముప్పైనాలుగేళ్ళుగా ఆ పని చేస్తున్న బోర్డమ్మ నిచ్చెన మీద నిలబడి, మోచేతుల దాకా తడుపుకుంటూ తుడిచింది. గోడంత బోర్డు మీద నిన్నటి అంకె ఒక్కటే ఉంది, నలభై ఒకటి. అది పోయినా ఆవిడ చివరి గడి దాకా తుడిచి గాని దిగలేదు.

ఒకప్పుడు ఆ హాల్లో ఇసకేస్తే రాలేది కాదు. నూటయాభైమంది దళారులు హాలు నడుమనున్న ఇనప కమ్మీ చుట్టూ చేరి గొంతులు చించుకునేవాళ్ళు. అమ్మేవాడి కేకా, కొనేవాడి కేకా చెవులారా విన్నాకే ఆవిడ ధర రాయాలి. అలా రాసిందే ధర. కంప్యూటర్లు వచ్చాక దళారులు ఇంట్లోంచే మహానగరపు బజారులో బేరాలు చేయడం మరిగి, ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలింది పొడుగాయన, బొంగురాయన.

బేరం లేని రోజంటూ వస్తే మర్నాడే తాళం వేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చాక, ఆ ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. అగ్గిపెట్టెల కంపెనీ షేర్లు పది ఈ రోజు ఒకాయన అమ్ముతాడు, రేపు రెండో ఆయన అమ్ముతాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. అయినా అర్ధరూపాయి కోసం, పావలా కోసం కొట్టుకు చచ్చేవాళ్ళు.

"నలభైన్నరా? కళ్ళు నెత్తికెక్కాయా నీకు?" అని బొంగురాయన అరిచే అరుపులో సగం గాలే ఉండేది. అయినా వినబడేది.

ఈ రోజు పొడుగాయన అమ్మాలి. ఆయన పదింటికే వచ్చి కమ్మీ దగ్గర నిలబడ్డాడు. బొంగురాయన రాలేదు. తెల్లవారుజామున ఆయాసం వస్తే ఆసుపత్రిలో చేర్చామని కొడుకు ఫోన్ చేశాడు.

బోర్డమ్మకి పూర్తి పింఛను రావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఈలోగా తలుపులు మూస్తే చేతిలో పెట్టేది ఆరు నెలల జీతం, ఒక దండం. ఇంటద్దె కట్టేది ఆవిడ ఒక్కతే. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, మళ్ళీ మూసేసింది.

రెండింటికి ఫోన్ మోగింది. బజారు సెక్రటరీ విని, మెల్లగా పెట్టేశాడు.

"పోయారటమ్మా. పన్నెండింటికి."

బజారు మూసే వేళ మూడున్నర. మూడు దాటాక పొడుగాయన లేచి నిచ్చెన దగ్గరికి వచ్చాడు.

"పన్నెండింటికి కదా పోయాడు. పదింటికి బతికే ఉన్నాడు. పదింటికి కొన్నాడని రాసెయ్యమ్మా. వాడుంటే కాదంటాడా?"

"మీరు రాయండి, నేను సంతకం పెడతాను," అని సెక్రటరీ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆవిడ సుద్దముక్క తీసుకుని నిచ్చెన ఎక్కింది. రాసేద్దామనే ఎక్కింది.

ఇరవై ఏళ్ళ కిందట ధరలు కుప్పకూలిన రోజున, పొద్దుటినుంచీ అరిచి అరిచి బొంగురాయన గొంతు పూర్తిగా పోయింది. అమ్ముతానంటూ పెదాలు కదిపాడు, చేతులు ఊపాడు. ఆ పెదాలు ఆవిడ చూసింది. మాట వినబడలేదు, రాయలేదు. సాయంత్రానికి షేర్లు చిత్తుకాగితాలయ్యాయి, ఆయన ఇల్లమ్ముకున్నాడు. ఆ గొంతు మళ్ళీ బాగుపడలేదు. వారం తర్వాత వచ్చి, "నువ్వు వినలేదంటే నేను అరవనట్టేనమ్మా," అన్నాడు. తర్వాత ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు.

నిచ్చెన మీద ఆవిడకి ఏడుపొచ్చింది. ఆయన కోసం రాయని చెయ్యి తన పింఛను కోసం రాస్తే, ఆ ఇల్లు ఉత్తపుణ్యానికి పోయినట్టే. ఆవిడ దిగివచ్చింది.

"నేను వినలేదండీ."

"ఆ మాటేగా వాడి కొంప ముంచింది!" అన్నాడు పొడుగాయన.

"అవునండీ."

ఆయన కమ్మీ దగ్గరికి వెళ్ళి, ఒంటరిగా నిలబడి, ఎదుటివైపు చూస్తూ గట్టిగా అరిచాడు.

"పది అమ్ముతా! నలభై ఒకటి!"

మూడుసార్లు అరిచి, ముక్కు చీదుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మూడున్నరకి సెక్రటరీ రిజిస్టరులో బేరం లేదని రాసి సంతకం పెట్టాడు. బోర్డమ్మ చేతులు కడుక్కుని, అన్నం డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరింది. తలుపు దగ్గర దీపాలు ఆర్పబోతూ ఒకసారి వెనక్కి చూసింది.

కమ్మీ మీద, బొంగురాయన మోచెయ్యి ఆనించే చోట, మూత తెరిచి ఉన్న చిన్న రేకు డబ్బాలో నాలుగు గొంతు బిళ్ళలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.