పక్కింటి పాప

రిటైరై ఆరేళ్ళయినా వీధిలో అందరూ ఆయన్ని హెడ్మాస్టారనే పిలిచేవారు. ఆ పిలుపు చెవినపడితే చాలు, ఆయన నడుం దానంతటదే నిటారయ్యేది. కూతురు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఆమె వచ్చేదాకా తొమ్మిదేళ్ళ మనవరాలు గువ్వను చూసుకోవడం, సాయంత్రం పార్కుకి తిప్పి తీసుకురావడం ఆయన పని.

గువ్వకు ఆటిజం. సొంతంగా మాటలు కూర్చి చెప్పలేదు గానీ, విన్న మాటను విన్నట్టే, గొంతుతో సహా దించేస్తుంది. లిఫ్టులో వచ్చే ఆడగొంతు, పాలవాడి కేక, మాట్లాడబోయే ముందు తాతయ్య గొంతు సవరించుకునే తీరు, అన్నీ ఆ పిల్ల నోట ఉండేవి. తల్లీ తాతా పొట్ట పట్టుకుని నవ్వుకునేవారు.

ఆ రోజు పార్కులో గువ్వ జారుడుబల్ల రేకుకి చెంప ఆనించి, చేతులు రెక్కల్లా ఆడిస్తూ కూనిరాగం తీస్తోంది. అంతలో ఎదురుగా పాత బడి డ్రిల్లు మాస్టారు! ఆయనతోపాటు ఒకప్పుడు వాళ్ళ బళ్ళో చదివి ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్న ఇద్దరు. వాళ్ళు నమస్కారం పెట్టారు. డ్రిల్లు మాస్టారి చూపు జారుడుబల్ల మీద ఆగింది.

"ఎవరండీ ఆ పాప? మీ మనవరాలా?"

హెడ్మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అబ్బే, పక్కింటి వాళ్ళ పాపండీ. కాస్త చూస్తుండమన్నారు. ఏం చేస్తాం, మొహమాటం."

"మీకెందుకొచ్చిన తలనొప్పి సార్," అని వాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు. గువ్వ అటు తిరిగి ఉంది కదా, వినలేదనుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర గువ్వ చెంచాలన్నీ వరసగా పేర్చి, ఉన్నట్టుండి గొంతు సవరించుకుంది. "అబ్బే, పక్కింటి వాళ్ళ పాపండీ. కాస్త చూస్తుండమన్నారు. ఏం చేస్తాం, మొహమాటం."

"ఈ కొత్త పాఠం ఎవరు చెప్పారే నీకు?" అని తల్లి పకపకా నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ గొంతు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

"ఎవరితో అన్నావు నాన్నా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. గువ్వ ముందు ఇంకో అబద్ధమాడే ధైర్యం మాత్రం రాలేదు. "డ్రిల్లు మాస్టారితో," అన్నారు కంచంలోకి చూస్తూ.

"బస్సులో ఎవరో ఏదో అంటే సర్దుకుపోతాను. వాళ్ళు పరాయివాళ్ళు." ఆమె గరిటె కింద పెట్టింది. "దానికేం అర్థమవుతుందిలే అనుకున్నావు కదూ? ఏమో, దానికెంత అర్థమైందో నాకూ తెలియదు. కానీ నాకు అర్థమైంది నాన్నా."

మర్నాటి నుంచి ఆమె గువ్వను వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళసాగింది. ఖాళీ ఇంట్లో కూర్చున్న ఆయనకి ఎప్పటిదో ఒక తల్లి గుర్తొచ్చింది. గువ్వలాంటి పిల్లను బళ్ళో చేర్పించడానికి రెండుసార్లు వచ్చింది. "ఇలాంటి పిల్లకి మా బడి సరిపడదమ్మా," అని తనే పంపేశారు. అప్పుడు ఆ తల్లి మొహం కూడా సరిగ్గా చూడలేదు. ఎంత తలుచుకున్నా ఇప్పుడది గుర్తురావడం లేదు.

నాలుగో రోజు డ్రిల్లు మాస్టారి ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే చెప్పేశారు. "ఆ పాప నా మనవరాలండీ. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

డ్రిల్లు మాస్టారి మొహం వాడిపోయింది. "అయ్యో, తెలిస్తే నేను నవ్వుతాననుకున్నారా సార్?"

"నేనే నవ్వాను కదండీ," అని, కూర్చోమన్నా కూర్చోకుండా తిరిగొచ్చేశారు.

అక్కణ్ణుంచి తిన్నగా షాపుకే వెళ్ళారు. గువ్వ బల్ల ముందు నేలమీద ఖాళీ కళ్ళజోళ్ళ పెట్టెలు పేరుస్తోంది. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా పక్కనే చతికిలబడ్డారు. గువ్వ తలెత్తలేదు. కొనడానికొచ్చినవాళ్ళు ఆయన్ని తప్పుకుని పోతున్నారు. "పాప మీకేమవుతుందండీ?" అని ఒకావిడ అడిగింది.

"నా మనవరాలు," అన్నారు. అంత చిన్న మాటకి చెవులు వేడెక్కాయి.

కూతురు అద్దం తుడుస్తూ విన్నది. షాపు మూసే వేళకి దగ్గరికొచ్చింది.

"రేపు పార్కుకి తీసుకెళ్ళనా అమ్మా?"

"వెళ్దాం. నేనూ వస్తాను," అంది. తాళాలు చేతిలోకి తీసుకుని, "నీ ఒక్కడితో పంపలేను నాన్నా, ఇంకొన్నాళ్ళు."

ఆయన తలూపారు. లేవడానికి కూతురు చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకోవడానికి కూడా ఆయనకు మొహం చెల్లలేదు.