అరుగు కోసం పెద్ద టైర్లు

మా తోడికోడలు తులసి కారు నా కారుకంటే ముందు రాజాం చేరుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికే నా నోరు చేదెక్కిపోతోంది. రెండూ ఒకే రకం పాత కార్లు. వెనక సీట్లు పీకించి, చేపల పెట్టెలు పట్టేలా ఒకే షెడ్డులో చేయించాం. నాది మా ఆయన సోములు నడుపుతాడు, దానిది ఆయన తమ్ముడు యుగంధర్ నడుపుతాడు. ఎచ్చెర్ల అవతల మా రేవులో ఒకే వేళకి సరుకు ఎక్కించి బయల్దేరతాం. అయినా ప్రతి సంతకీ అది ముందు దిగి, నేను వెళ్ళేసరికి అరుగెక్కి కూర్చుని "రా అక్కా" అంటుంది. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అరుగంటే రాజాం సంత గుమ్మంలో, రేకుల నీడ కింద ఉన్న ఎత్తైన సిమెంటు దిమ్మ. సంతకొచ్చే ప్రతి మనిషీ దాని ముందునుంచే పోవాలి. మా అత్త బుల్లమ్మ వయసంతా దాని మీదే కూర్చుని చేపలు కోసింది. ఆమె మోకాళ్ళు మొరాయించాక ఆ చోటు ఏ కోడలికన్నది ఇంట్లో పెద్ద రభసైపోయింది. సంతలో చోటుకి పట్టాలుండవు. ఎవరి బుట్ట ముందు దిగితే ఆ పూటకి చోటు వాళ్ళది. అత్త కూడా అదే తీర్పు చెప్పింది.

"మీ ఇద్దర్లో ఎవులు ముందెల్తే ఆల్లే కూకోండి. గంగమ్మ పండగ ముందు ఆకరి సంతనాడు అరుగు ఎవులి సేతిలో ఉంటే నా కత్తిపీట ఆల్లకే ఇచ్చేస్తాను."

ఆ కత్తిపీట మా అత్తకి వాళ్ళ అత్త ఇచ్చింది. పెద్దకోడల్ని నేనుండగా అది చిన్నదాని చేతికి పోతే మా పేటలో నేను తలెత్తుకు తిరగగలనా?

"రెండు పెట్టెలు తగ్గించవే, కారు అదే పరిగెడతాది," అన్నాడు మా ఆయన.

ఇదిగో, ఇలాంటి మాటలే నాకు ఒళ్ళు మండిస్తాయి. తులసికంటే నా కార్లో ఎప్పుడూ రెండు పెట్టెలు ఎక్కువే ఉండాలి. పెద్దకోడలు తక్కువ సరుకు తెచ్చిందని దాని ముందు అనిపించుకుంటానా?

ఒకరోజు హైవే మీద ఎవరిదో కారు మమ్మల్ని దాటి రివ్వున పోయింది. దాని టైర్లు చూస్తే నా నడుం దాకా ఉన్నాయి. మరి మా కారుకున్నవి పిల్లల బండి చక్రాల్లాంటివి. ఆ మధ్యాహ్నమే మా ఆయన్ని టైర్లు మార్చే పోతురాజు దగ్గరికి లాక్కెళ్ళాను.

"పెద్ద టైరు ఒక్క సుట్టుకి ఎక్కువ దూరం పోతాది, నిజమే అక్కా," అన్నాడు పోతురాజు. "కానీ ఆ సుట్టు తిప్పడానికి ఇంజినుకి పేనం పోతాది. హైవే మీద సాఫీగా ఉంటాది గానీ, ఆగిన సోటునుంచి లేవాలంటే ఏడిపిస్తాది. పికప్ సచ్చిపోద్ది."

మొదటి ముక్క విన్నాక నాకు మిగతాది ఎక్కలేదు.

"పెద్ద తెడ్డు పట్టుకున్నంత మాత్రాన పడవ పరిగెడతాదేటే? లాగే బుజం ఉండాల," అన్నాడు మా ఆయన.

"బుజం నీకు లేదు గానీ ఇంజినుకేటి మావా!" అన్నాను. పోతురాజు నవ్వు ఆపుకుంటూ పాత టైర్లు ఊడదీశాడు.

తర్వాత సంతనాడు హైవే మీద మా కారు సాగిపోయింది. స్పీడు ముల్లు చూస్తే ఏభై దగ్గరే ఉంది. "ఇంకా తొక్కు!" అని అరిచాను.

"ముల్లు పాత టైర్ల లెక్కే సెప్తాదే. నిజానికి అంతకంటే జోరుగానే పోతన్నాం," అన్నాడు ఆయన.

నిజమే కాబోలు, యుగంధర్ కారు పక్కకొచ్చి మెల్లగా వెనకబడింది. నేను కిటికీలోంచి సగం బయటికి వచ్చి, "రా సెల్లీ!" అని చెయ్యి ఊపాను. తులసి మొహం మాడిపోయింది. నా కడుపు నిండిపోయింది.

చిలకపాలెం దగ్గర రాజాం రోడ్డుకి తిరిగాక నా వైభవం అయిపోయింది. ఊరూరికీ స్పీడు బ్రేకరు, దానికి తోడు గొర్రెల మందలు, ఎదురొచ్చే బస్సులు. ఆగిన ప్రతిసారీ కారు లేవనని మూలిగింది. మా ఆయన గేరు దించి తొక్కితే ఇంజిను అరుపేగానీ కదలిక లేదు. రెండో బ్రేకరు దగ్గరే తులసి మమ్మల్ని దాటేసింది. నేను వెళ్ళేసరికి మళ్ళీ అరుగు మీద అదే, "రా అక్కా" అంది. కానీ ఈసారి దాని కళ్ళు నా మొహం మీద లేవు, నా టైర్ల మీద ఉన్నాయి. ఆ చూపు నాకు తెలుసు. అది నా చూపే.

పండగ ముందు ఆఖరి సంత వచ్చింది. అత్త కత్తిపీటని గుడ్డలో చుట్టి తెచ్చుకుని తులసి కార్లో ముందు సీట్లో కూర్చుంది, తులసి వెనక పెట్టెల మధ్య ఇరుక్కుంది. అప్పుడు చూశాను. తులసి కారుకి కూడా కొత్త టైర్లు! నావాటికంటే ఒక వేలెడు ఎత్తు! పైగా ఎప్పుడూ లేనిది, పెట్టెలు కూడా నాకంటే ఎక్కువ.

"ఓర్నాయనో! పెతి సంతకీ నువ్వే ముందెల్తన్నా నన్ను సూసి ఏడుపేటే నీకు!" అన్నాను.

"హైవే మీద నువ్వు సెయ్యి ఊపలేదేటి అక్కా!" అంది అది.

హైవే మీద రెండు కార్లూ ఎగిరిపోయాయి. రాజాం రోడ్డెక్కాక రెండూ చతికిలబడ్డాయి. కాలవ వంతెన మీదికి ఎక్కేచోట పక్కపక్కనే నత్తల్లా పాకుతుంటే, కిటికీల్లోంచి నేనూ అదీ తిట్టుకున్నాం. వెనకనుంచి ఒక ఆటో హారను కొట్టి కొట్టి విసిగి, పక్కనున్న కాస్త సందులోంచి దూరి మమ్మల్ని దాటిపోయింది. దాని చక్రాలు ఎంతున్నాయని! అందులో బుట్టలేసుకుని ఒకావిడ కూర్చుంది. ఆమెని మేం పట్టించుకోలేదు.

సంతకి చేరేసరికి అరుగు మీద ఆ ఆటో ఆవిడే ఉంది. ఇన్నాళ్ళూ సముద్రం చేప తప్ప ఎరగని ఆ అరుగు మీద చెరువు బొచ్చె చేపలు పరుచుకుని, చిన్న కత్తితో తంటాలు పడుతోంది.

తులసీ నేనూ ఒక్కసారే నోరెత్తాం. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా అరుగు దగ్గరికి నడిచింది. ఆవిడ భయపడి లేవబోయింది.

"ఈ సోటు మీదేటమ్మా?" అంది.

"కూకో కూకో. ముందొచ్చినోల్లదే సోటు," అంది అత్త. గుడ్డ విప్పి కత్తిపీట ఆవిడ ముందు పెట్టింది. "ఆ కత్తితో ఏల్లు తెగతాయి, దీంతో కొయ్యి. పొద్దెక్కితే ఎండ ఇటేపొస్తాది. అటు జరిగి కూకో."

ఆవిడ జరిగింది. అత్త ఆమె పక్కనే కూలబడి, కత్తిపీట మీద కాలు ఎలా వెయ్యాలో చూపిస్తోంది. పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారైనా అలా చూపించిందా? నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కకి చూస్తే తులసి వెక్కి వెక్కి ఏడుస్తోంది. పాపం అనిపించాలి కదా? అనిపించలేదు. ఎక్కడో లోపల కాస్త చల్లగా అయింది.

తిరిగొచ్చేటప్పుడు ముందు వాళ్ళ కారు, వెనక మాది. పోతురాజు షాపు దగ్గర మా ఆయన నెమ్మది చేశాడు.

"పాత టైర్లు ఇంకా ఈడి దగ్గరే ఉన్నాయి. ఏయించీమంటావేటే?"

ముందు యుగంధర్ కూడా నెమ్మది చేశాడు. తులసి తల బయటపెట్టి, మేం ఆగుతామా లేదా అని వెనక్కి చూస్తోంది.

"ముందు ఆల్లని మార్సమను," అన్నాను.

వాళ్ళూ ఆగలేదు.