కేకు మీద మిచ్యూ

మా బేకరీలో కేకుల మీద అక్షరాలు రాసేది నేను. క్రీము నింపిన కోను పట్టుకుంటే నా చెయ్యి వణకదు. నోరు మాత్రం ఊరుకోదు. ఆ సంగతి తెలిసినవాళ్లు నాతో పెట్టుకోరు. కొత్తగా వచ్చిన అల్లుడుగారికి తెలియదు.

అల్లుడుగారంటే మా పాత ఓనరు అల్లుడు. మోకాళ్ల నొప్పులతో పెద్దాయన ఇంటిపట్టున ఉండిపోతే షాపు ఈయన చేతికొచ్చింది. చెడ్డమనిషని అనను. చొక్కా నలగనివ్వడు, గొంతు పెంచడు. కానీ వచ్చీ రాగానే అద్దాల బీరువా ముందు వంగి, అందులో కేకు మీద నేను రాసింది చదివి, ఎవరో పోయినట్టు మొహం పెట్టాడు.

అక్కడున్నది ‘హేపీ బడ్డే బుజ్జులూ’ అని. ఇంగ్లీషు అక్షరాలే, కాకపోతే బడిలో నేర్పిన వరుసలో ఉండవు. ఆ కేకు చెప్పినవాళ్ల ఇంట్లో అలాగే అంటారు కాబట్టి అలాగే రాశాను. నా పద్ధతే అది. కేకు చెప్పడానికి వచ్చినవాళ్లని ముందు ఒక్కటే అడుగుతాను, చదివేవాళ్లు నవ్వాలా, ఏడవాలా అని. ఆ తర్వాత ఇంట్లో ముద్దుగా ఏమంటారో చెప్పమంటాను. థాంక్యూ కాస్తా ‘తాంకూ’ అవుతుంది, సో స్వీట్ ‘చో చ్వీట్’ అవుతుంది. పెళ్లాం మీద అరిచేసి వచ్చిన ఒక డ్రైవరు ‘లబ్యూ’ అని రాయించుకుని, సిగ్గుపడుతూ పట్టుకెళ్లాడు.

ఈ అలవాటు నాకు అంటించింది పొయ్యి బాబాయి. బన్నులు, బ్రెడ్డు, కేకులు, మా షాపులో కాలేవన్నీ ఆయన చేతి మీదుగానే కాలేవి. నేను పనిలో చేరిన మొదటిరోజే ఆయన చూసుకోకుండా లాగిన వేడి ట్రే నా మోచేతికి తగిలింది. మూల కూర్చుని ఏడుస్తుంటే వచ్చి ఒక బన్ను నా చేతిలో పెట్టాడు. దాని మీద క్రీముతో వంకరటింకరగా ‘సోలీ’ అని ఉంది. ఏడుపు మధ్యలో నవ్వొచ్చేసింది. సారీ అని శుభ్రంగా రాసుంటే ఆ బన్ను ఆయన మొహాన కొట్టేదాన్ని.

ఇదంతా అల్లుడుగారికి చెప్పాను. ఓపిగ్గా విని, చదువుకున్నవాళ్లు చూస్తే షాపు పరువు పోతుందన్నాడు. రాయించుకునేది వాళ్లే కదండీ అన్నాను. మర్నాటికల్లా నా బల్ల ఎదుట గోడ మీద అచ్చువేసిన ఇంగ్లీషు వాక్యాలు వెలిశాయి. ఇకమీదట వాటిని చూసే రాయాలట. పక్కనే ఒక మిషను కూడా దింపించాడు. తినే కాగితం మీద అక్షరాలు అచ్చువేసి ఇస్తుంది, కేకు మీద పరిచేయడమే. మాట వినకపోతే బల్ల మిషనుకిచ్చి నన్ను ప్యాకింగుకి పంపుతానని మెత్తగా చెప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ప్యాకింగు తక్కువ పనని కాదు. ఎందరి ఇళ్లలో ముద్దుమాటలో రాసిన చెయ్యి నాది. దాన్ని తీసుకెళ్లి అట్టపెట్టెలు మడవమంటే కడుపు రగలదా? అందుకే బల్ల పోగొట్టుకోకూడదని పళ్ల బిగువున కొన్నాళ్లు గోడ చూసే రాశాను. జనం చదివి, బాగుందని పట్టుకెళ్లేవాళ్లు. ఒక్కరూ నవ్వేవాళ్లు కాదు.

అంతలో బాబాయి పని మానేస్తున్నానన్నాడు. చూపు మసకబారింది, పొయ్యి దగ్గరికి ఇక వెళ్లొద్దని డాక్టరు చెప్పేశాడట. మా షాపులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు మానేసినా ఆఖరి రోజున షట్టరు సగం దించి, అందరం నా బల్ల చుట్టూ చేరి కేకు కోస్తాం. కాల్చడం బాబాయి వంతు, రాయడం నా వంతు. తన కేకు కూడా తనే కాల్చుకున్నాడు. ఇంకొకరిని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

అల్లుడుగారు వచ్చి గోడ మీద ఒక వాక్యం వేలితో చూపించాడు. విశ్రాంత జీవితానికి శుభాకాంక్షలని చెప్పే పొడుగాటి ఇంగ్లీషు. ఫోటో తీసి షాపు పేజీలో పెడతానని, అక్షరం తేడా వచ్చినా రేపట్నుంచి ప్యాకింగేనని చెప్పి వెళ్లాడు.

కోను చేతిలోకి తీసుకున్నాను. నన్ను నేనే అడిగాను, నవ్వాలా, ఏడవాలా అని. నాకు రెండూ వస్తున్నాయి. గోడకి వీపు పెట్టి ‘మిచ్యూ బాబాయ్’ అని రాశాను. ఆయన మసక చూపుకి కూడా ఆనాలని, కేకు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పట్టేంత పెద్ద అక్షరాలతో రాశాను.

బాబాయి కత్తి పట్టుకుని వంగాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మాకు తెలియలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“నా బన్ను ఇంకా గుర్తుందటే నీకు?” అన్నాడు.

అల్లుడుగారు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. “నేను రాయమన్నదేంటి, నువ్వు రాసిందేంటి?” అన్నాడు నాతో.

“మీరు చెప్పాలనుకున్నది మీరు రాసుకోండి. బాబాయికి నేను చెప్పాలనుకున్నది ఇది.”

అన్నంత పనీ చేశాడు. మర్నాడు నా బల్ల మీద మిషను కూర్చుంది. నన్ను కౌంటరు పక్కన ప్యాకింగు బల్ల దగ్గర నిలబెట్టాడు. అట్టపెట్టెలు, టేపు, మూత మీద పేరు రాయడానికి ఒక మార్కరు.

మొదటి కేకు ఒక కాలేజీ అమ్మాయిది. అక్క కోసమట. దాని మీద అచ్చు అక్షరాలు గీత గీసినట్టున్నాయి. ఆ పిల్ల దాన్ని చూసి ఊఁ అంది, అంతే. నేను పెట్టె మూత చేత్తో పట్టుకుని, చదివేవాళ్లు నవ్వాలా, ఏడవాలా అని అడిగాను.

తడుముకోకుండా చెప్పింది. “నవ్వాలండీ. నాతో మాట్లాడ్డం మానేసింది.”

ఇంట్లో అక్కని ఏమంటావని అడిగి, మూత తిరగేసి మార్కరు తీశాను. అల్లుడుగారు చూడనే చూశాడు. గబగబా వచ్చి నా ఎదురుగా నిలబడి, ప్యాకింగులో ఈ రాతలేంటన్నాడు. నేను చెయ్యి ఆపలేదు.

“మార్కరిచ్చింది పేరు రాయమనేగా? ఆ ఇంట్లో ఆవిడ పేరిదే.”

‘సోలీ అక్కీ’ అని పూర్తిచేశాను. ముందు ఆయన చదువుకోవడానికి వీలుగా మూత అటు తిప్పి పట్టుకున్నాను, తర్వాత ఆ పిల్లవైపు తిప్పాను. పిల్ల ఫక్కున నవ్వింది. నా బల్ల పోయింది, చెయ్యి నాతోనే ఉంది.

పెట్టెకి టేపు వేసి ఇచ్చేసి, ఇంకో మూత అందుకుని, ఆయన అక్కడే నిలబడి ఉండగా గట్టిగా పిలిచాను.

“తర్వాతెవరండీ?”