వదిన అడిగిన పాట

కొత్తగా పియానో నేర్చుకునేవాళ్లకు పాత జాజ్ పాటలు తేలిక చేసి రాసివ్వడం నా పని. ఆ పాటలు మాకు ఒక్క పేజీ కాగితంగా దొరుకుతాయి. లీడ్ షీట్ అంటాం. అందులో పాట వరస, దానిపైన ఎడమచేత్తో కలిపి నొక్కాల్సిన స్వరాల గుర్తులు, అంతే. మిగతాది వాయించేవాడి తెలివి. మొదటి ఏడాదిలో ఆ తెలివి ఎక్కడినుంచి వస్తుంది? అందుకని కలిపి నొక్కాల్సిన నాలుగు స్వరాలను రెండుకు కోసి, చెయ్యి చాపనక్కర్లేకుండా సర్ది రాస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే సంగీతం బడి, ఇదే పని. నా కాగితాలకు వంక పెట్టినవాళ్లు లేరు, మా వదిన వచ్చేదాకా.

వదినకు యాభై ఎనిమిదేళ్లు. బట్టల దుకాణం పక్కన కుట్టుపని చేస్తుంది. అన్నయ్య చనిపోయిన ఏడాదికి, ఒక మధ్యాహ్నం మెడలో టేపుతోనే నా గదికి వచ్చి కూర్చుంది.

"మీ అన్నయ్య రోజూ పొద్దున్నే వాయించేవారే, ఆ నెమ్మది పాట. అది నాకు నేర్పు."

అన్నయ్యా నేనూ ముప్పై ఏళ్లు ఒక హోటల్ హాల్లో కలిసి వాయించాం. నేను పియానో. వాడు నా వెనక నిలబడి, మనిషంత ఎత్తున్న బేస్ వాద్యం తీగలు మీటేవాడు. ఆమె అడిగింది మేం రోజూ ఆఖర్న వాయించే పాట.

"ఈ వయసులో వేళ్లు తిరగవు వదినా," అన్నాను.

"నెలాఖరుదాకా చూస్తా. రాకపోతే ఇల్లు ఖాళీ చేసి మా చెల్లెలి దగ్గరికి పోతా. ఆ చప్పుడు లేని ఇంట్లో ఉండలేకపోతున్నా."

వదిన కూడా వెళ్లిపోతే నాకంటూ దగ్గరివాళ్లు మిగలరు. కాగితం తీశాను.

మొదట రాసిచ్చినది, రోజూ నా గదికే వచ్చి సాధన చేసి, రెండు వారాల్లో తప్పుల్లేకుండా వాయించింది. మొండితనం అలాంటిది. వాయించి, "ఇది కాదు," అంది. శ్రుతి దించి మళ్లీ రాశాను. అదీ కాదట. మూడోది ఇంకా తేలిక చేశాను. దాన్నీ చివరిదాకా వాయించి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"లోపల అస్తరు గుడ్డ వెయ్యని కోటులా ఉంది," అంది.

నెలాఖరుకు ఇంకా మూడు రోజులు. నాకు ఒళ్లు మండింది.

"కాదు కాదంటావే గానీ ఏది అవునో చెప్పవు. పాడు, విందాం."

వదిన కళ్లు మూసుకుని కూనిరాగం తీసింది. పాట వరస కాదది. బాగా కింది స్థాయిలో, అడుగులో అడుగు వేసినట్టు ఒక్కో స్వరం, మధ్యలో ఒకదాన్ని రెండుసార్లు నొక్కి, ఆగి, మళ్లీ నడక. దారి తప్పిందనుకున్నాను. కాస్త విన్నాక అర్థమైంది, అది అన్నయ్య భాగం.

కుట్టుపనికి సాయంత్రాలే గిరాకీ కాబట్టి వదిన ఎన్నడూ ఆ హోటల్‌కు రాలేదు. ఇంట్లో అన్నయ్య సాధన చేసింది తన భాగం ఒక్కటే. ఆమెకు తెలిసిన పాట అదే.

నా కాగితాల్లో అది చుక్కంత కూడా లేదు. నాలుగు స్వరాలను కోసేటప్పుడు అడుగున ఉన్నదాన్ని నేను మొదట తీసేస్తాను. అది అన్నయ్య చూసుకుంటాడు. బడి కచేరీల్లో పిల్లల వెనక కూడా వాడే నిలబడేవాడు. వాడు పోయి ఏడాదైనా నా చెయ్యి వాడికోసం చోటు వదులుతూనే ఉంది. ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చి కిటికీ వైపు తిరిగాను. వదిన కూనిరాగం మళ్లీ మొదటినుంచి అందుకుంది.

అన్నయ్య తన భాగం ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. వదిన పాడుతుంటే నేను రాసుకున్నాను. "ఆగాగు, అక్కడ తొందరగా దిగరు, కాసేపు నిలబెడతారు," అంటూ నా చేతే చెరిపించి మళ్లీ రాయించింది. అంతా ఎడమచేతికే. కుడిచేతికి పనే లేదు.

రెండు రోజుల్లో వచ్చేసింది. మూడుచోట్ల తప్పింది, ఆగలేదు.

"చెల్లెలికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేస్తా," అంది. "అవునూ, నీ పాట దీనిపైన ఎలా కూర్చుంటుంది? రెండూ కలిపి నేనెప్పుడూ వినలేదు."

బల్ల మీద ఆమె పక్కన కూర్చుని పైవరస అందుకున్నాను. నాలుగు పంక్తులు దాటాయో లేదో వదిన వాయిస్తూనే మోచేత్తో పొడిచింది.

"నెమ్మది అబ్బాయ్. తమ్ముడు పరిగెడతాడు, వాణ్ని పట్టుకోలేక చస్తున్నానని మీ అన్నయ్య రోజూ ఇంటికొచ్చి గొణిగేవారు."

ముప్పై ఏళ్లలో అన్నయ్య నాతో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.