కొయ్య తుపాకికి కుంకుమబొట్టు

నేను ఒక కొయ్య తుపాకిని. పేలడం నా నుదుట వ్రాసి లేదు. నన్ను చేయించిన మానవుల కంటే నాకున్న గొప్పతనం అదొక్కటే.

నేను పుట్టిన టేకు దూలంలో సింహభాగం స్వామివారి పల్లకికి మోతకర్ర అయింది. అన్నగారు భక్తుల భుజాలెక్కి ఊరేగుతుండగా, మిగిలిన తుండునైన నేను వడ్రంగి ఈరాచారి ఇంట కోళ్లగంపకు ఆనుడుగా ఉండి తపస్సు చేశాను. ఇంతలో, లైసెన్సు తుపాకులున్న రైతులకు పోలీసులే భద్రతా తరగతులు నడపాలని సర్కారువారు నిధులు మంజూరు చేశారు. ఆ నిధులు నల్లమల అంచున ఉన్న మా స్టేషనుకు చేరి, మొదట షామియానాగా, పిదప నిలువెత్తు ఫ్లెక్సీగా, ఆపై మిరపకాయ బజ్జీలుగా అవతారాలెత్తి, కట్టకడపట నా రూపం దాల్చాయి. ఈరాచారి నాకు రెండు గొట్టాలు తొలిచి, నడుమ తెరుచుకునేలా మడతబందు బిగించి, నల్లరంగు పూశాడు.

తరగతి చెప్పేవాడు హెడ్ కానిస్టేబుల్ దస్తగిరి. ఆయన ఉపదేశించిన మంత్రం చిన్నది. తుపాకి పట్టగానే గొట్టాన్ని మనుషుల వైపు లేకుండా తిప్పాలి, నడుమ తెరిచి లోపల చూడాలి, "చూసినా, ఖాళీ" అని పైకి అనాలి. రైతులు నవ్వాపుకుంటూ జపించారు. అంతలో మద్దిలేటి వంతు వచ్చింది. అడవిపందులను బెదరగొట్టడానికి తాతనాటి జంటగొట్టాల తుపాకి ఉంచుకున్న వేరుశనగ రైతు ఆయన. నన్ను ఎత్తీ ఎత్తగానే సరిగ్గా దస్తగిరి బొజ్జకు గురిపెట్టాడు.

"పెద్దాయనా, తెరిచి చూడు."

"కట్టెకు కడుపేందప్పా, చూసేకి?"

"ఇంట్లో దాన్నన్నా చూస్తావా?"

"నా తుపాకి నాకు తెల్దా? ఖాళీ."

షామియానా కింద సద్దిగిన్నెతో కూర్చున్న ఆయన భార్య సుంకులమ్మ తలెత్తింది.

"ఏమయ్యా, దసరాకు తూటాలేసి పెట్టినావు గదా. తీసినావా?"

ఖాళీ ఆయుధాన్ని పూజలో ఉంచితే అమ్మవారిని వట్టిచేతులతో దర్శించినట్లేనని ఆ ఇంటి ఆచారం. మద్దిలేటి చేతుల్లో నా గొట్టం కిందికి వాలింది.

"బిడ్డ నిన్ననే పాపనెత్తుకోని వచ్చింది. పాప గోడ పట్టుకోని నిలబడతా ఉంది. తుపాకి ఆ గోడకే ఉండాది," అంది సుంకులమ్మ.

బజ్జీలు కొరికినవాళ్లు నమలడం మరిచారు. దస్తగిరి వాళ్లింటికి ఫోను చేయించాడు. అవతల మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. జీపు కదిలింది. మద్దిలేటి నన్ను కింద పెట్టడం మరచి గుండెకు హత్తుకున్నాడు. దారి పొడవునా ఆయన తలచిన దేవతల నామాలు వినీ వినీ, పల్లకి మోయకుండానే నాకు కొంత పుణ్యం దక్కింది.

కూతురు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. పాప పూజగూటి కింద నిలబడి, తుపాకికి వేలాడుతున్న ఎండిన బంతిమాలను లాగుతోంది. లాగిన కొద్దీ తుపాకి పాప వైపు ఒరుగుతోంది. మద్దిలేటి నన్ను జారవిడిచి దాన్ని పట్టుకున్నాడు. సుంకులమ్మ పాపను ఎత్తుకొని వెలుపలికి నడిచింది. ఆయన గొట్టాన్ని కిటికీలోంచి ఎవరూ లేని మట్టికట్ట వైపు తిప్పి, నడుమ తెరిచాడు. కుంకుమ అంటిన రెండు తూటాలు అరచేతిలోకి జారాయి.

"చూసినా," అన్నాడు. రెండు గొట్టాల్లోనూ వేలు పెట్టి తడిమాడు. "ఖాళీ."

"దీనికి కడుపుండాది గదా పెద్దాయనా," అన్నాడు దస్తగిరి నెమ్మదిగా.

మరుసటి దసరాకు స్టేషనులోని తుపాకులన్నీ పసుపు కుంకుమలతో కొలువుదీరాయి. నేను మాత్రం బీరువా వెనక చీపురుతో సత్సంగంలో ఉన్నాను. మద్దిలేటి దంపతులు వచ్చి, వెదికి వెదికి నన్ను బయటికి తీశారు. ఆయన గొట్టాన్ని గోడ వైపు తిప్పి, నడుమ తెరిచి తొంగిచూశాడు.

రైటరు నవ్వాడు. "అది కట్టె గదా పెద్దాయనా."

"తెల్సులేప్పా. ఈ యేడు అమ్మవారికి నాదాన్ని గూడా తెరిచే చూపించినా. ఆయమ్మేం కోపం చేసుకోల్యా." మద్దిలేటి నా కడుపులోకి మరోసారి చూశాడు. "చూసినా, ఖాళీ."

అప్పుడు సుంకులమ్మ నాకు బొట్టు పెట్టింది.

పల్లకి మోసే అన్నగారికి ఒక కబురు పంపాలని ఉంది. నీ మీద దేవుడున్నాడు. నాలో ఏమీ లేదు. అయినా ఇద్దరికీ బొట్టు ఒక్కటే.